డునోలీ వంకలో వినిపించిన రొద

పోయిన నెల గ్యారేజీ సర్దుతుంటే మూలన పాత దుప్పట్లో చుట్టి పెట్టిన మిషన్ ఒకటి బయటపడింది. దుప్పటి విప్పగానే సన్నటి ఎర్ర దుమ్ము నేల మీద రాలింది. మైన్‌ల్యాబ్ ఎస్‌డీ 2200డీ. నా మొట్టమొదటి మెటల్ డిటెక్టర్. పిడికి చుట్టిన నల్లటేపు జిగురు కారి చేతికి అంటుకుంది. నేల మీద ఊపే పళ్లెంలాంటి తీగచుట్టని కాయిల్ అంటారు, దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ తొడుగు రాళ్లకు రాసుకుని రాసుకుని తెల్లబడిపోయింది. "ఇంకా దీన్ని పారేయలేదా?" అంది మా ఆవిడ. నేనేమీ అనలేదు. మళ్లీ చుట్టి, ఉన్నచోటే పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

మాది కర్నూలు జిల్లా, పత్తికొండ దగ్గర పల్లె. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు వాళ్లకి తొలకరి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మొదటి వాన గట్టిగా పడి, పైమట్టి కొట్టుకుపోయాక, చేలల్లో జనం నడుములు వంచి నడుస్తుంటారు. వజ్రాల కోసం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకుని తిని, పొద్దున్నే మళ్లీ వంగుతారు. మా జేజి, అంటే మా నాయనమ్మ, నన్ను వెంట తీసుకెళ్లేది. "నేల కడుక్కున్నప్పుడే సూడాల నాయనా, ఆరిపోయినంక ఏం కనపడదు" అనేది. మాకు ఒక్క వజ్రమూ దొరకలేదు. తళుక్కుమన్న ప్రతి పలుగురాయీ ఏరి ఒక రేకుడబ్బాలో పోసుకున్నాను. ఆ డబ్బా నేను ఇంజినీరింగ్‌కి వెళ్లేదాకా మంచం కిందే ఉండేది.

2001లో ఉద్యోగం మీద మెల్‌బోర్న్ వచ్చాను. ఊరికి పడమటి వైపు ఒక అద్దె ఇల్లు. పక్కింట్లో ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక ఆదివారం సాయంత్రం, వాన వెలిసిన వెంటనే, ఆయన కారు దిగుతుంటే బూట్ల నిండా మట్టి కనిపించింది. ఆ రంగు చూసి నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అచ్చం మా ఊరి ఎర్రమట్టి. ఎక్కడిదని అడిగాను. డునోలీ అన్నారు. వాన పడ్డాక పాత బంగారు తవ్వకాల దగ్గర నేల మీద మెరిసేవాటిని కళ్లతో వెతుక్కుంటూ తిరుగుతామని, దాన్ని స్పెకింగ్ అంటామని చెప్పారు. నేను మా జొన్నగిరి చేలు, మా జేజి, రేకుడబ్బా అంతా చెప్పాను. గంటన్నర సేపు గేటుకి ఆ పక్క ఆయన, ఈ పక్క నేను నిలబడే ఉన్నాం.

అలవాటుకొద్దీ ఆయన్ని అంకుల్ అనేవాణ్ని. "నేను నీకు అంకుల్ ఎలా అయ్యాను?" అని నవ్వారు. వయసులో పెద్దవాళ్లని మా దగ్గర పేరు పెట్టి పిలవరని చెప్పాను. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో, తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "అంకుల్‌ని మాట్లాడుతున్నా" అనే మొదలుపెట్టేవారు. అందుకని ఇక్కడ కూడా అంకుల్ అనే రాస్తాను.

విక్టోరియా రాష్ట్రంలో డునోలీ, మోలియాగుల్, టార్నగుల్లా, వెడర్‌బర్న్, మేరీబరో చుట్టూ ఉన్న ప్రాంతాన్ని గోల్డెన్ ట్రయాంగిల్ అంటారు. ఆ నేల అసలు వారసులు జా జా వురుంగ్ తెగవాళ్లు. 1850లలో బంగారం పిచ్చి పట్టి ప్రపంచం నలుమూలల నుంచీ జనం అక్కడికి వచ్చి పడ్డారు. వాళ్లు తవ్విన గుంతలు, పోసిన మట్టిదిబ్బలు, గుర్రాన్ని గుండ్రంగా తిప్పి బంకమట్టిని నీళ్లలో కలిపి కడిగిన వలయాకారపు కందకాలు ఐరన్‌బార్క్ చెట్ల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. 1869 ఫిబ్రవరిలో మోలియాగుల్‌లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ఒక చెట్టు వేళ్ల దగ్గర, నేలకి ఒక్క అంగుళం కింద, 70 కిలోలకి పైబడ్డ బంగారు గడ్డ దొరికింది. దాని పేరు వెల్కమ్ స్ట్రేంజర్. డునోలీలో దాన్ని తూచే తక్కెడ లేదు. కమ్మరి దగ్గర దాగలి మీద పెట్టి ముక్కలు చేశాకే తూచగలిగారు.

అంకుల్‌కి మాత్రం ఆ కథకంటే 1980 నాటి కథంటేనే ప్రాణం. కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్ అనే ఆయన డిటెక్టర్‌తో వెతుకుతుంటే, అడుగు లోతులో 27 కిలోల గడ్డ తగిలింది. దానికి హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని పేరు పెట్టారు. డిటెక్టర్‌తో దొరికిన వాటిలో అంత పెద్దది ఇంకొకటి లేదు. ఆ వార్త విన్న వారమే అంకుల్ అప్పు చేసి ఒక అమెరికా మిషన్ కొన్నారట. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆయన బాధంతా నేలతోనే. అక్కడి ఎర్రమట్టిలో, ఇనుపరాళ్లలో అయస్కాంత గుణమున్న సన్నటి రేణువులు విపరీతం. మామూలు డిటెక్టర్ కాయిల్ నేల మీద తిప్పితే చాలు, మట్టే అరుస్తుంది. ఆ అరుపులో బంగారం గొంతు ఎక్కడ వినిపిస్తుంది? మరీ పైపైన ఉంటే దొరికేది. చేతిజానెడు లోతు దాటితే పెద్ద ముక్కకి కూడా నమ్మకం లేదు.

అడిలైడ్‌లో 1985లో పుట్టిన కంపెనీ మైన్‌ల్యాబ్. బ్రూస్ క్యాండీ అనే భౌతిక శాస్త్రవేత్త దాని మెదడు. మొదట్లో వాళ్లవీ మామూలు పద్ధతి మిషన్లే, కాకపోతే ఆస్ట్రేలియా మట్టికి తట్టుకునేలా ఒక్కొక్కటీ కొంత మెరుగవుతూ వచ్చాయి. 1995లో ఎస్‌డీ 2000 వచ్చింది. అంకుల్ భాషలో చెప్పాలంటే కాలం రెండుగా చీలింది. ఆయన ఏ సంగతైనా "ఎస్‌డీకి ముందు", "ఎస్‌డీ తర్వాత" అనే చెప్పేవారు.

ఆ మిషన్ ఎలా పనిచేస్తుందో నాకు ఆయన వంటింటి బల్ల మీద రెండు కప్పులు, ఒక చెంచా పెట్టుకుని చెప్పారు. కాయిల్ నిరంతరం కేక వేయదు. కరెంటుని ఒక దెబ్బలా నేలలోకి పంపి, టక్కున ఆపేసి, చెవి పెట్టి వింటుంది. ఆ దెబ్బకి కింద ఉన్న లోహంలో చిన్న ప్రవాహాలు పుట్టి, కాసేపు మోగి ఆరిపోతాయి. మట్టిలోని రేణువులు కూడా మోగి ఆరిపోతాయి. రెండూ ఆరిపోయేవే, కానీ ఆరిపోయే తీరు వేరు. పొట్టి దెబ్బలు కొన్ని, పొడుగు దెబ్బలు కొన్ని పంపి, వేర్వేరు క్షణాల్లో విని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మట్టి గొంతు దాదాపు పోతుంది. లోహం గొంతు మిగులుతుంది. నేను ఇంజినీరింగ్‌లో సిగ్నల్స్ చదివినవాణ్నే. అయినా ఆ చెంచా టింగుమని కప్పుకి తగిలి మెల్లగా ఆగిపోతుంటే వింటూ కూర్చున్న ఆ పదినిమిషాలు నాకు కాలేజీలో దొరకలేదు.

ఆయనకొక వంక, అంటే చిన్న వాగు, ఉండేది. పెద్దదేమీ కాదు, పొడుగు మూడు వందల గజాలు ఉంటుందేమో. పైన మట్టిదిబ్బలు, కింద ఒక గుర్రపు కందకం, మధ్యలో ఎండాకాలమంతా ఎండిపోయే సన్నటి దారి. అమెరికా మిషన్‌తో పదేళ్లు గాలించి "ఇక ఇందులో ఏమీ లేదు" అని వదిలేసిన చోటు. ఎస్‌డీ 2000 కొన్న మొదటి శనాదివారాలు కావాలనే అక్కడికే వెళ్లారు. పదకొండు ముక్కలు. ఏ బండ మీద కూర్చుని తను పదేళ్లు మధ్యాహ్నం రొట్టె తిన్నారో, ఆ బండ పక్కనే మూడు ముక్కలు ఉన్నాయట. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం తగ్గేది.

ఎస్‌డీ 2100, ఆ వెనకే 2200డీ వచ్చాయి. 2000, 2100 రెండిట్లో నేలకి తగ్గట్టు మిషన్‌ని సర్దడం మన చేతి పని. నాలుగడుగులు వేస్తే మట్టి మారుతుంది, మళ్లీ ఆగి మీట తిప్పాలి. 2200డీ ఆ పని తనంతట తను చేసుకునేది. 2000లో జీపీ ఎక్స్‌ట్రీమ్ వచ్చింది. అందులో దెబ్బలు రెండు వేర్వేరు వోల్టేజీలతో వెళ్తాయి, చిన్న ముక్కల దగ్గరా లోతులోనూ రెండుచోట్లా బలం పెరిగింది. అంకుల్ అది కొనుక్కుని, తన 2200డీ నాకు సగం ధరకి ఇచ్చారు. ఇస్తూ రెండే షరతులు పెట్టారు. మైనర్స్ రైట్ లేకుండా అడవిలో అడుగుపెట్టకూడదు. తవ్విన ప్రతి గుంతనీ పూడ్చాలి.

మైనర్స్ రైట్ అంటే అనుమతి చీటీ. ఒకసారి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది. దాని వెనక రక్తం ఉంది. 1854లో బల్లారాట్‌లో యురేకా దగ్గర, నెలనెలా లైసెన్సు పన్ను కట్టలేమని తిరగబడ్డ గనివాళ్ల మీద సైనికులు కాల్పులు జరిపారు. మరుసటి ఏడు ఆ నెలవారీ పన్ను పోయి, ఏడాదికి ఒక పౌండుతో మైనర్స్ రైట్ వచ్చింది. నా మొదటి చీటీని అంకుల్ రెండు చేతులతో అందించారు. పెళ్లి శుభలేఖ ఇచ్చినట్టు.

2200డీ వేసుకుని అడవిలో నడవడమంటే చిన్న యుద్ధానికి బయల్దేరినట్టే. నడుముకి సీసం బ్యాటరీ, ఆరు వోల్టులది, మోటార్ సైకిల్ బ్యాటరీ అంత ఉంటుంది. అందులోంచి టెలిఫోన్ తీగలా మెలికలు తిరిగిన వైరు మిషన్‌కి. మిషన్ బరువు చేతి మీద పడకుండా భుజం నుంచి సాగే తాడు. చెవులకి హెడ్‌ఫోన్స్. వీపు మీద నీళ్లు. తోలుబెల్టులో ఒకవైపు మొన, ఒకవైపు పలక ఉండే పిక్, దాని పిడికి అతికించిన అయస్కాంతం. పొదల్లోకి వంగితే ఏదో ఒక వైరు కొమ్మకి తగులుకునేది.

ఇక ఆ రొద. మిషన్ ఆన్ చేస్తే హెడ్‌ఫోన్స్‌లో సన్నగా ఒక ఎడతెగని శబ్దం వస్తుంది, థ్రెషోల్డ్ అంటారు. దూరంగా చింతచెట్టు మీద కీచురాయి అరిచినట్టు ఉంటుంది. దాన్ని వినీ వినపడనంత సన్నగా పెట్టుకోవాలి. బంగారం గట్టిగా కూయదు. ఆ రొద ఒక్కచోట కొంచెం వణుకుతుంది, అంతే. చిన్నది, పైపైన ఉన్నది అయితే స్వరం ఎక్కి దిగుతుంది. పెద్దది, లోతున ఉన్నది అయితే సాధారణంగా దిగి ఎక్కుతుంది. "సంగీతం వచ్చా నీకు?" అని అడిగారు అంకుల్. రాదన్నాను. "పర్లేదు, ఓపిక వస్తే చాలు" అన్నారు.

ఓపిక రావడానికి పద్నాలుగు వారాంతాలు పట్టింది. ఎన్ని మేకులు తవ్వానో లెక్క లేదు. గుర్రపు నాడాల మేకులు, తుపాకీ సీసం పూసలు, పొగాకు డబ్బాల రేకులు. ఒకసారి మాత్రం ఒక చిన్నపిల్ల బూటు తాలూకు ఇత్తడి బొత్తం దొరికింది. అది పారేయలేకపోయాను. పద్నాలుగో వారం, వంక ఎడమ గట్టున, రొద వణికింది. పిక్‌తో గీరాను. ఇంకా ఉంది. అయస్కాంతం తిప్పాను, ఏమీ అంటలేదు. ఆరంగుళాలు దిగాక మట్టి గుప్పిట్లోకి తీసుకుని కాయిల్ మీద ఊపితే, గుప్పిటే కూసింది. మట్టిని కొంచెం కొంచెం జార్చుకుంటూ వచ్చాను. చివరికి అరచేతిలో కందిబద్దంత ముక్క, తొమ్మిది వందల మిల్లీగ్రాములు. అప్పుడు అది బరువుగా అనిపించింది. నమ్మలేనంత బరువు. నేను అరవలేదు. చేయి చాపి చూపించాను, అంతే. అంకుల్ తన హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుని, టోపీ తీశారు.

ఆ ఏడాది సెలవుకి ఊరెళ్లినప్పుడు ఆ ముక్క జేబులో పెట్టుకెళ్లాను. మా జేజికి అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు. అరచేతిలో పెడితే వేళ్లతో తడిమింది. "ఇంత సన్నదానికి ఇంత బరువేంది నాయనా?" అంది. మా ఊరి కంసాలి దాన్ని గీటురాయి మీద గీసి, గీత వంక చాలాసేపు చూసి, "ఎవరు కరిగించిందిది?" అని అడిగాడు. ఎవరూ కరిగించలేదు, నేలలో అట్లాగే ఉంది అన్నాను. విక్టోరియా బంగారం పుట్టుకతోనే చాలా స్వచ్ఛం. జేజి దాన్ని ముక్కుపుడక చేయించనివ్వలేదు. "భూమి ఎట్లిచ్చిందో అట్లే ఉండనీ" అంది. ఇప్పటికీ అట్లాగే ఉంది.

జీపీ 3000, 3500ల కాలం నాకు అంతగా గుర్తు లేదు. పాప పుట్టింది, ఇల్లు కొన్నాం, అడవికి వెళ్లడం తగ్గింది. అంకుల్ 3500 కొన్నారు, దాని రొద నున్నగా ఉందని ఫోన్లో చెప్పేవారు. కానీ ఆ రోజుల్లోదే ఒక సంగతి మర్చిపోలేను. ఈ మిషన్లలో ఇనుము తగిలితే శబ్దం ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. డీ ఆకారపు రెండు చుట్టలుండే డబుల్-డి కాయిల్‌తోనే పనిచేస్తుంది, అది కూడా ఇనుము పైపైన ఉంటేనే నమ్మాలి. ఆ రోజు అంకుల్ 3500 నా చేతిలో ఉంది. ఒకచోట ఇనుము అన్నట్టు శబ్దం తెగింది. వదిలేసి నడిచాను. నా వెనకే వస్తున్న అంకుల్ ఏమీ అనకుండా అక్కడ కూర్చుని తవ్వారు. పైన తుప్పు పట్టిన మేకు. దాని కింద నాలుగంగుళాల్లో పదకొండు గ్రాముల ముక్క. దాన్ని నా చేతిలో పెట్టి "నీది" అన్నారు. నేను తీసుకోలేదు. ఆయన మళ్లీ జేబులో వేసుకోలేదు. చివరికి మా పాప మొదటి పుట్టినరోజుకి ఒక చిన్న సీసాలో వేసి తెచ్చారు.

2009లో నేను సెకండ్ హ్యాండ్‌లో జీపీఎక్స్ 4500 కొన్నాను. సీసం బ్యాటరీ పోయి లిథియం వచ్చింది, వీపు మీద ఉన్నట్టే తెలియదు. మెలికల వైరు మాత్రం అట్లాగే ఉంది. మిషన్ వెనక చిన్న తెర, అందులో మెనూలు. అసలు మార్పు టైమింగ్స్‌లో. పంపే దెబ్బల వరసనే నేలకి తగ్గట్టు మనం మార్చుకోవచ్చు. మామూలు నేలకి ఒకటి, ఉప్పు నేలకి ఒకటి, ఇనుపరాళ్ల నేలకి ఒకటి. మా వంక పైగట్టున ఒక ఇనుపరాళ్ల పరుపు ఉంది. 2200డీతో అక్కడికి వెళ్తే ప్రతి రాయీ బంగారంలా కూసేది, తలనొప్పి వచ్చి దిగిపోయేవాణ్ని. 4500లో ఎన్‌హాన్స్ అనే టైమింగ్ పెట్టి అదే పరుపు మీద నడిచాను. నిశ్శబ్దం. సన్నటి రొద తప్ప ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా గోల చేసిన నేల అంత శాంతంగా ఉండటం చూసి అంకుల్ నా హెడ్‌ఫోన్స్ లాక్కుని విన్నారు. ఆ పరుపులో నెల రోజుల్లో ఏడు ముక్కలు దొరికాయి, పెద్దది నాలుగు గ్రాములు.

ఆ మిషన్ అమ్మినతను బ్యాటరీ వైరు లోపల తెగిపోయి ఉందన్న సంగతి చెప్పలేదు. మొదటి రోజు మిషన్ పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. అంకుల్ కారు డిక్కీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి, కారు బ్యాటరీతోనే వేడిచేసి అతికించారు.

2010లో జీపీఎక్స్ 5000. ఫైన్ గోల్డ్ అనే టైమింగ్ దానితో వచ్చింది, ఇనుపరాళ్ల మధ్య గింజల్లాంటి ముక్కల్ని కూడా పట్టేది. జీపీఎక్స్ మిషన్లు ఆస్ట్రేలియా దాటి సూడాన్ లాంటి ఆఫ్రికా దేశాల ఎడారుల్లో పేద గనివాళ్ల చేతుల్లోకి వేలకొద్దీ వెళ్లాయి. ఆ గిరాకీ చూసి నకిలీలు కూడా తయారయ్యాయి. పైకి అచ్చం అదే డబ్బా, లోపల పనికిరాని సర్క్యూట్. కుటుంబం నగలు తాకట్టు పెట్టి నకిలీ కొన్నవాళ్ల గురించి చదివినప్పుడు నాకు జొన్నగిరి చెట్ల కింద వండుకునే మనుషులే గుర్తొచ్చారు. ఆశ మీద బతికేవాణ్ని మోసం చేయడం అన్నిటికంటే పెద్ద పాపమని నేను నమ్ముతాను.

మధ్యలో ఎస్‌డీసీ 2300 అని ఒక చిన్న మిషన్ వచ్చింది. మందుపాతరలు వెతకడానికి సైన్యం కోసం చేసిన డిటెక్టర్ నుంచి పుట్టింది. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, నీళ్లలో ముంచవచ్చు. నేను కొనలేదు. మందుపాతర కోసం వినే చెవులే బంగారం కోసమూ వింటున్నాయన్న ఊహ మాత్రం చాలా రోజులు వదల్లేదు.

2015లో జీపీజడ్ 7000 వచ్చింది. ధర దాదాపు పది వేల ఆస్ట్రేలియా డాలర్లు. అంకుల్‌కి అప్పటికి డెబ్బై అయిదు. "బ్యాంకులో పెట్టుకుని ఏం చేస్తాను?" అని కొనేశారు. అది ఎస్‌డీల వంశంలోది కాదు, పద్ధతే మారింది. దెబ్బ కొట్టి ఆపడం బదులు ఒక దిశలో నిలకడగా బలమైన అయస్కాంత క్షేత్రం, ఆ వెంటనే వ్యతిరేక దిశలో అంతే బలమైనది. జీరో వోల్టేజ్ ట్రాన్స్‌మిషన్ అన్నారు దాన్ని. పద్నాలుగు అంగుళాల కాయిల్‌లో మధ్యన పంపే చుట్ట, రెండు పక్కలా వినే చుట్టలు. మిషన్‌ని నేలకి సర్దుకోవడానికి ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు ఉంగరం ఒకటి ఇస్తారు. దాన్ని నేల మీద వేసి, దాని శబ్దం పూర్తిగా పోయేదాకా కాయిల్ పైన ఊపాలి. వైర్లు లేవు, బ్యాటరీ మిషన్‌కే. అందుకే బరువు, మూడు కిలోలకి పైనే.

రెండో వారానికే అంకుల్ భుజం ఒప్పుకోలేదు. డాక్టర్ వద్దన్నారు. మిషన్ ఇంట్లో ఉంటుంది, మోయలేరు. ఆయన ముఖం చూడలేకపోయాను. అప్పుడు కనిపెట్టాం ఒక పద్ధతి. ఆ మిషన్‌తో అరచేతిలో పట్టే వైర్‌లెస్ పెట్టె ఒకటి వస్తుంది, దానికి సొంత స్పీకర్ ఉంటుంది. వంక ఒడ్డున మడత కుర్చీ వేసి అంకుల్‌ని కూర్చోబెట్టేవాణ్ని. ఒళ్లో టీ ఫ్లాస్కు, చెవి పక్కన ఆ పెట్టె. కుర్చీ చుట్టూ నేను మిషన్ ఊపుతూ తిరిగేవాణ్ని. నా చెవికి ఏమీ వినపడని చోట "ఆగు, వెనక్కి ఊపు, మెల్లగా" అనేవారు. వెనక్కి వెళ్తే ఉండేది. ఆ చోటు అయిపోతే కుర్చీ పది గజాలు ముందుకి. రెండు చలికాలాలు అలా వంక మొత్తం కొసాకొస నడిచాం. అడుగున్నర, రెండడుగులు తవ్విన గుంతలున్నాయి. వాటిలో ఒకదాంట్లో ఇరవై ఆరు గ్రాముల ముక్క, తెల్ల పలుగురాయి పొదిగినట్టు అంటుకుని ఉంది. ఆ రాయి తళుక్కుమనగానే రేకుడబ్బా గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంకుల్ కుర్చీలోంచి లేవకుండానే "ఎంత?" అని అడిగారు. చేతిలో ఎగరేసి చూపించాను.

2020, 21ల్లో లాక్‌డౌన్. మెల్‌బోర్న్‌లో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి. డునోలీ రెండున్నర గంటల దూరం. అంకుల్ ఆ మధ్యలోనే వృద్ధాశ్రమానికి మారారు. అద్దం అవతల నుంచి చేయి ఊపడమే. 7000 ఆయన కొడుకు అమ్మేశాడు, అంకులే అమ్మమన్నారట. 2021లోనే జీపీఎక్స్ 6000 వచ్చింది. రెండు కిలోల చిల్లర బరువు. మడిస్తే వీపు సంచిలో పడుతుంది. మీటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మెనూల్లేవు, టైమింగ్స్ పేర్లు లేవు, నేలని చూసుకుని చాలావరకు తనే సర్దుకుంటుంది. పాతవాళ్లం మేం ఇన్నేళ్లు నేర్చుకున్నదాంట్లో చాలాభాగం ఇప్పుడు ఆ డబ్బాలో ఉంది. మా పాప మొదటిసారి పట్టుకుని ఇరవై నిమిషాల్లో ఒక ముక్క తీసింది. నాకు పద్నాలుగు వారాలు పట్టిన పని.

ఆంక్షలు ఎత్తేశాక ఒక శనివారం ఒక్కణ్నే వంకకి వెళ్లాను. ఎడమ గట్టున, నా మొదటి ముక్క దొరికిన చోట. 2200డీ, 4500, 5000, 7000 అన్నీ తిరిగిన నేల. పాత గుంత పూడ్చిన గుర్తుకి మూరెడు దూరంలో రొద వణికింది. ఎక్కి దిగింది. నేను వెంటనే తవ్వలేదు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, కాయిల్ ఎనిమిది సార్లు దాని మీదుగా ఊపాను. మాగ్‌పై పిట్ట ఒకటి మధ్యలో కూసింది, అది కూడా రికార్డయింది. తర్వాత తవ్వాను. మినపగింజకంటే చిన్నది, గ్రాములో పావు వంతు.

ఆదివారం వృద్ధాశ్రమానికి వెళ్లాను. అంకుల్ చాలా చిక్కిపోయారు. మాట్లాడితే ఆయాసం. ఏమీ చెప్పకుండా ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి ప్లే చేశాను. మొదటి రెండు ఊపులకి ముఖంలో ఏమీ లేదు. మూడోసారికి కళ్లు మూసుకున్నారు. పిట్ట కూసినప్పుడు పెదాలు కదిలాయి. అయిపోయాక కుడిచేయి దుప్పటి పైకి ఎత్తి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి, కొంచెం తగ్గించి చూపించారు. ఆరంగుళాలు. నేను తవ్వింది కూడా అంతే. జేబులోంచి ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్లతో తడిమారు, మా జేజి తడిమినట్టే.

"ఎక్కడ?" అన్నారు.

"ఎడమ గట్టు, అంకుల్. మన వంకే."

కాసేపు ఊపిరి తీసుకున్నారు.

"గుంత పూడ్చావా?"

"పూడ్చాను అంకుల్. పైన ఆకులు కూడా కప్పాను."